చెరువు అందరిదే, తూము ఎవరి చేతిలో?

పోయిన ఎండాకాలం మన సంఘం కార్యకర్తలకు మూడు రోజుల శిక్షణ తరగతులు పెట్టుకున్నాం. రెండో రోజు మధ్యాహ్నం, అన్నాలు తిని అందరూ తూగుతున్న వేళ, ఇంజనీరింగ్ చదివిన మన పిల్లవాడు ఒకడు లేచి కంప్యూటర్ల గురించి మాట్లాడాడు. "సార్, ఈ లోకంలో కులం అడగని చోటు ఒకటుంది. దాని పేరు లీనక్స్. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. పని బాగుంటే తీసుకుంటారు, ఇంటిపేరు అడగరు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంటికొచ్చాక ఆ ఆఖరి మాట గుచ్చుకున్నది. "పని బాగుంటే తీసుకుంటారు." ఈ మాట నాకు కొత్త కాదు. 1990లో మండల్‌కు వ్యతిరేకంగా చీపుర్లు పట్టుకుని రోడ్లు ఊడ్చి మనల్ని వెక్కిరించినవాళ్లు అన్నది కూడా ఇదే కదా! ప్రతిభ ఉంటే చాలు, కులం ఎందుకు అని. అప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. ఆ చీపుర్లు నాకు ఇంకా గుర్తున్నాయి. అందుకని ఈ లీనక్స్ సంగతేమిటో నాలుగు నెలలు చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. ఆ పిల్లవాడు చెప్పింది సగం నిజం. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు వస్తువేమిటో చూద్దాం. ఫోనైనా, కంప్యూటరైనా లోపల ఒకేసారి పది పనులు నడుస్తుంటాయి. పాట మోగుతుంటుంది, ఫోటో దిగుతుంటుంది, మెసేజీ వస్తుంటుంది. ఏ పనికి ముందు వంతు, దేనికి వెనుక వంతు, దేనికి ఎంత జాగా అని తేల్చేదే ఆపరేటింగ్ సిస్టమ్. దాని నడిమి గింజను కెర్నెల్ అంటారు. మన తెలంగాణ ఊళ్లల్లో చెరువు కింద నీరటి చేసే పని అదే. నీరటి ఎవరు? చాలా ఊళ్లల్లో మనవాడే. తూము ఎత్తేది మనవాడు. రాత్రంతా బురదలో కాలువల వెంట తిరిగేది మనవాడు. ఎవరి మడికి ముందు పారాలో చెప్పింది మాత్రం పటేలు. చెరువు మీద ఎవరి పేరూ రాసిలేదు, నీళ్లకు కులం లేదు. అయినా ఆయకట్టు చివరన ఉన్న మన చెక్కకు నీళ్లు వచ్చేలోపు నారు ఎండిపోయేది. ఇది చూసి పెరిగినవాళ్లకు లీనక్స్ కథ అర్థం కావడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు.

ఈ చెరువు తవ్విన వాళ్లకు మొదట దండం పెట్టాలి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, ప్రోగ్రాముల లోగుట్టును కంపెనీలు తాళం వేసి దాచుకోవడం అన్యాయమని గ్నూ అనే ఉద్యమం ప్రకటించాడు. 1991లో ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి కెర్నెల్ రాసి నలుగురి ముందు పెట్టాడు. 1992లో దాన్ని స్టాల్‌మన్ వాళ్ల జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. ఆ లైసెన్సు షరతు ఇది: తీసుకో, చదువు, మార్చుకో, పంచుకో. మార్చినదాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు లోపలి రాతను కూడా, ఇవే హక్కులతో, ఇచ్చి తీరాలి. గుప్పిట మూసుకోవడం కుదరదు. ఇంత గొప్ప షరతు మన భూసంస్కరణల చట్టంలో ఉండి ఉంటే బాగుండేది.

మరి గొడవ ఎక్కడ? రాత తెరిచి ఉండటం ఒక సంగతి. రేపు ఏమి రాయాలో తేల్చడం ఇంకో సంగతి. జీపీఎల్ మొదటిదానికి కాపలా కాస్తుంది. రెండోదాని జోలికి పోదు.

లీనక్స్‌లో మార్పు చేయాలంటే ఒక ప్యాచ్ పంపాలి. ప్యాచ్ అంటే అతుకు, మన అంగీకి వేసుకునేదే. ఆ భాగానికి పెద్దగా ఉన్న మనిషి దాన్ని చూసి, ఒప్పుకుంటే పైకి పంపుతాడు. చివరన టోర్వాల్డ్స్ కలుపుకుంటాడు. మొదట్లో ఈ అతుకులు వేసింది ఎక్కువగా విద్యార్థులు, పని అయిపోయాక రాత్రిపూట కూర్చునేవాళ్లు. 2000 చివర ఐబీఎం కంపెనీ లీనక్స్ మీద 100 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరు దిగారు. లీనక్స్ ఫౌండేషన్ వాళ్లే 2017లో వేసిన లెక్క చూడండి: మార్పుల్లో 13.1 శాతం ఒక్క ఇంటెల్ కంపెనీవి. జీతం లేకుండా పనిచేసిన వాళ్లందరివీ కలిపితే 8.2 శాతం. లోకంలోని ఔత్సాహికులందరూ ఒకవైపు, చిప్పులు అమ్మే ఒక్క కంపెనీ ఒకవైపు. కంపెనీ వైపే మొగ్గింది.

"ఇంటెల్ వాళ్లు ఉత్తినే రాసిస్తే మనకేం నొప్పి?" అంటారు. ఏమి రాసిచ్చారో చూడాలి. ఇంటెల్ రాసేది ఇంటెల్ చిప్పులు బాగా నడవడానికి. కెర్నెల్‌లో పనులను గుంపులుగా కట్టి, ఒక్కో గుంపుకు ఇంత మెమరీ, ఇంత ప్రాసెసర్ అని కొలిచి ఇచ్చే ఏర్పాటు ఒకటుంది, పేరు సీగ్రూప్స్. దాన్ని 2006లో మొదలుపెట్టింది గూగుల్ ఇంజనీర్లు. ఎందుకు? వాళ్ల గోదాముల్లోని వేల వేల మిషన్లను లక్షల పనులకు పంచుకోవడానికి. ఇక మైక్రోసాఫ్ట్ ముచ్చట. 2001లో ఆ కంపెనీ అధిపతి స్టీవ్ బామర్ లీనక్స్‌ను క్యాన్సర్ అని తిట్టాడు. 2009లో అదే కంపెనీ 20 వేల వరుసల రాత తెచ్చి లీనక్స్‌కు ఇచ్చింది. మనసు మారిందా? ఆ రాత పనేమిటంటే, మైక్రోసాఫ్ట్ అమ్మే సర్వర్ సరుకు లోపల లీనక్స్ సాఫీగా నడవడం. దొర చెరువుకట్ట మీద మట్టి పోయించాడంటే, ఆ కట్ట మీది నుంచి ఆయన బండి పోవాలి కాబట్టి.

ఇందులో దొంగతనం లేదు. లంచం లేదు. ప్రతి అతుకూ పదిమంది చూస్తుండగానే పడింది. అందుకే ఇది పట్టుకోవడం కష్టం. ఎవరి నొప్పికి జీతం ఉందో ఆ నొప్పికి మందు తయారవుతుంది, మిగతా నొప్పులు వరుసలో నిలబడతాయి.

నా మాట నమ్మనివాళ్లకు కాన్ కొలివాస్ కథ చెబుతాను. ఇది తెలిసినప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

కాన్ కొలివాస్ ఆస్ట్రేలియాలో మత్తు డాక్టరు. ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టరు. ప్రోగ్రాములు రాయడం తనంతట తాను నేర్చుకున్నాడు. ఆయన పట్టించుకున్నది మామూలు మనిషి ఇంట్లో ఉండే కంప్యూటరు. పాట పెట్టి ఇంకో పని మొదలుపెడితే పాట ముక్కలు ముక్కలవుతుంది. మౌస్ కదిలిస్తే బాణం గుర్తు ఆగి ఆగి కదులుతుంది. (మా బడిలో ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్లు ఆరున్నాయి. వాటి ముందు పిల్లలు నోరు తెరుచుకుని కూర్చునేది ఇట్లాగే.) ఆయన వాదన ఏమిటంటే, కెర్నెల్ పెద్దలు పెద్ద పెద్ద సర్వర్ల కోసం వంతులు సర్దుతున్నారు, వాళ్ల కొలమానాలన్నీ సర్వర్లవే, ఇంట్లో కూర్చున్న మనిషికి ఎట్లా ఉందో కొలిచేవాడే లేడు. అందుకని ఆయనే ఏళ్ల తరబడి అతుకులు రాశాడు. వాడుకున్న మామూలు జనం మెచ్చుకున్నారు.

2007 మార్చిలో ఆయన వంతులు వేసే పద్ధతినే కొత్తగా రాసి ముందుపెట్టాడు. అందరికీ సమానంగా పంచడం దాని సూత్రం. ఏప్రిల్‌లో రెడ్ హ్యాట్ కంపెనీ ఉద్యోగి ఇంగో మొల్నార్ అదే దారిలో ఇంకొకటి తెచ్చాడు, 62 గంటల్లో రాశానని తనే చెప్పాడు. సమానంగా పంచే ఆలోచన కొలివాస్ పనిలోంచి వచ్చిందని కూడా నిజాయితీగా ఒప్పుకున్నాడు. మొల్నార్ గట్టి పనివాడు, ఆయన్ను నేను తప్పు పట్టను. టోర్వాల్డ్స్ మొల్నార్‌దే తీసుకున్నాడు. అదే సీఎఫ్ఎస్ పేరుతో 2023 దాకా లోకంలోని లీనక్స్ మిషన్లకు వంతులు వేసింది. కొలివాస్ 2007 జూలైలో కెర్నెల్ పని మానేశాడు.

టోర్వాల్డ్స్ చెప్పిన కారణం వినండి. కొలివాస్ రాత చెడ్డదని కాదు. ఫిర్యాదు వచ్చినప్పుడు వాదనకు దిగకుండా, వెంటనే సరిచేసేవాడు, రేపు కూడా నమ్మకంగా నిలబడేవాడు కావాలి అన్నాడు. న్యాయమైన మాటలాగే ఉంది. కానీ రోజంతా, ఏడాదంతా, లోకంలోని ఫిర్యాదులన్నిటికీ జవాబు చెబుతూ నిలబడగలిగేది ఎవరు? అదే పనికి జీతం తీసుకునేవాడు! ఆసుపత్రిలో డ్యూటీ చేసి ఇంటికొచ్చి రాసేవాడు ఎట్లా నిలబడతాడు? నమ్మకం అని పేరు పెట్టి కొలిచింది జీతాన్నే. కొలిచినవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. ప్రతిభ అనే మాట ఎక్కడైనా ఇట్లాగే పనిచేస్తుంది.

డాక్టరు ఉద్యోగం ఉన్న తెల్లవాడి గతి అది. హాస్టల్లో చదివి, డిగ్రీ కాగానే ఇంటికి డబ్బు పంపాల్సిన మన పిల్ల ఏ రాత్రులు మిగుల్చుకుని లీనక్స్‌కు అతుకులు రాస్తుంది?

జీతం ఇచ్చే కంపెనీల్లోకి పోతుంది కదా అంటారా? అక్కడి ముచ్చట కూడా తెలుసుకోండి. 2020 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. తన ఇంజనీరైన ఒక దళితుణ్ణి పై కులాల మేనేజర్లు కులం చూసి తొక్కారని ఆరోపణ. కంపెనీ కాదన్నది. 2023లో ఆ ఇద్దరు మేనేజర్ల మీద కేసును ఆ శాఖే ఉపసంహరించుకుని, కంపెనీ మీద మాత్రం ఉంచింది. 2022 ఏప్రిల్‌లో గూగుల్‌లో దళిత చరిత్ర మాసం సందర్భంగా తేన్‌మొళి సౌందరరాజన్ మాట్లాడాల్సి ఉంటే, లోపలి కొందరు ఉద్యోగుల అభ్యంతరాలతో ఆ కార్యక్రమం రద్దయింది. ఆమెను పిలిచిన ఉద్యోగిని తనూజ గుప్తా రాజీనామా చేసి బయటికొచ్చింది. కులం మీద మాట్లాడటానికే చోటు దొరకని కంపెనీ, 300 కోట్లకు పైగా ఫోన్లు, ట్యాబ్లెట్లు నడిపే ఆండ్రాయిడ్‌కు యజమాని. లీనక్స్ కులం అడగదు, సరే. లీనక్స్ దాకా మోసుకుపోయే బండి అడుగుతుంది.

ఇప్పుడు మన చేతిలోని ఫోను దగ్గరికి వద్దాం. ఆండ్రాయిడ్ లోపలి గింజ లీనక్సే. ఆ పైన గూగుల్ కట్టినదాంట్లో చాలా భాగం కూడా తెరిచిన రాతే. మరి కూలి మనిషి చేతిలోని ఫోను మీద ఆ మనిషికి ఏ హక్కుంది? గూగుల్ దుకాణం ఫోన్లో ఉండాలంటే గూగుల్ యాప్‌ల మూట మొత్తం ముందే ఎక్కించి అమ్మాలని ఫోన్ల కంపెనీలకు షరతు ఉండేది. ఆండ్రాయిడ్‌ను తమకు నచ్చినట్టు మార్చి వేరే ఫోన్లలో పెట్టి అమ్మకూడదని ఇంకో ఒప్పందం ఉండేది. మార్చుకునే హక్కు లైసెన్సులో ఉంది, ఒప్పందంలో పోయింది. ఇది నా మాట కాదు. 2022 అక్టోబర్ 20న మన దేశపు కాంపిటీషన్ కమిషన్ ఈ షరతులు తప్పని గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలు కొట్టేసినా జరిమానాను నిలబెట్టింది. యూరప్ వాళ్లు 2018లోనే 434 కోట్ల యూరోలు వేశారు, తర్వాత కోర్టు కొంచెం తగ్గించింది. 2025 మార్చిలో గూగుల్ ఇంకో అడుగు వేసింది. ఇకనుంచి ఆండ్రాయిడ్ పనంతా లోపలే చేసుకుంటాం, తయారయ్యాక రాత బయటపెడతాం అన్నది. వంట తలుపులేసుకుని చేస్తారు, విస్తరి మాత్రం బయట వేస్తారు.

ఫోను పాతబడితే ఏమవుతుందో మీకు తెలుసు. అప్‌డేట్ రాదు. కొన్నాళ్లకు అవసరమైన యాప్ ఎక్కదు, "మీ ఫోనుకు కుదరదు" అంటుంది. ఫోను పగలలేదు, బ్యాటరీ పోలేదు. చిప్పు కంపెనీ ఆ చిప్పుకు కావలసిన రాతను కొత్త కెర్నెల్‌కు మార్చి ఇవ్వదు, ఎందుకంటే అమ్మేసిన చిప్పు మీద ఇంకో రూపాయి రాదు. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనిలో ఎన్ఎంఎంఎస్ యాప్ హాజరు తప్పనిసరి చేసినప్పుడు, రోజుకు రెండుసార్లు పని దగ్గర ఫోటో ఎక్కాలి, లేకపోతే కూలి పడదు. సిగ్నల్ లేక, మేటు దగ్గర ఆ ఫోను లేక, ఉన్న ఫోను మొరాయించి ఎన్ని హాజర్లు పోయాయో మనోళ్లకు తెలుసు. ఆ ఏడాది కూలీలు ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర రోజుల తరబడి కూర్చున్నారు. యాప్ పెట్టింది సర్కారు, ఆ తప్పు సర్కారుదే. కానీ ఆ యాప్ నిలబడ్డ నేల ఎవరు కొలిచి ఇచ్చారో కూడా చూడాలి గదా.

తాళం సంగతి కూడా ఒక మాట. టీవో అనే కంపెనీ టీవీ కార్యక్రమాలు రికార్డు చేసే పెట్టెలో లీనక్స్ పెట్టింది. రాత ఇచ్చింది. నువ్వు ఆ రాతను మారిస్తే మాత్రం పెట్టె ఒప్పుకోదు. స్టాల్‌మన్ వాళ్లు దీన్ని ఆపడానికి 2007లో కొత్త జీపీఎల్ తెచ్చారు. టోర్వాల్డ్స్, ఇంకా పలువురు ముఖ్య కెర్నెల్ రచయితలు వద్దన్నారు. కంపెనీలు చెప్పి చేయించాయని నేననను, టోర్వాల్డ్స్ అభిప్రాయం ఆయనకుంది. కానీ ఆ నిర్ణయంతో ఎవరి తాళాలు భద్రంగా ఉన్నాయో చూడండి.

ఇక పెద్దల కుర్చీలు. లీనక్స్ ఫౌండేషన్ అనే సంస్థ టోర్వాల్డ్స్‌కు జీతం ఇస్తుంది. అందులో ప్లాటినం సభ్యత్వానికి కంపెనీ ఏడాదికి 5 లక్షల డాలర్లు కట్టి, బోర్డులో కూర్చునేది. మామూలు సభ్యులు ఓటేసి తమ మనుషులను పంపే వీలు కొంత ఉండేది. 2016 జనవరిలో ఆ ఓటు తీసేశారు. అదే ఏడాది నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ప్లాటినం సభ్యురాలైంది. కెర్నెల్‌లో ఏ అతుకు వేయాలో ఆ బోర్డు చెప్పదు, అది నిజం. అయినా ఓటు తీసేసి కుర్చీకి వెల కట్టిన పంచాయతీని మనం ఏమంటాం?

కంపెనీలకు లాభం లేని పని ఎట్లా ఉంటుందో 2024 మార్చిలో లోకం చూసింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాము. ఫైళ్లను కుదించేది. లీనక్స్ మిషన్లలో ఎక్కడ చూసినా ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఒక్క మనిషి జీతం లేకుండా చూసుకుంటున్నాడు. అలసిపోయాడు. సాయం చేస్తానని ఒకడు మారుపేరుతో వచ్చి, రెండేళ్లు నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి పెట్టాడు. మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకాయన, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి పట్టుకున్నాడు. పట్టుకున్నది కంపెనీ మనిషే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఒంటరి మనిషికి అంతకుముందు ఒక్క నెల జీతం ఇచ్చినవాడు లేడు. వెట్టి అనే మాటకు ఇంగ్లీషులో వాలంటీర్ అని పేరు.

ఇదంతా చదివి "అయితే లీనక్స్ కూడా దండగే, అన్నీ ఒకటే" అనేవాళ్లుంటారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. 1923లో బొంబాయి శాసనమండలిలో బోలే తీర్మానంతో సర్కారు చెరువులు, బావులు అంటరానివాళ్లకు తెరిచారు. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా తీర్మానం చేసింది. కాగితం మీద చౌదార్ చెరువు అందరిదైంది. ఒక్కరు కూడా దోసిలి ముంచలేదు, ముంచనియ్యలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి నీళ్లు తాగాడు. కాగితం పనికిరాదని ఆయన దాన్ని చించెయ్యలేదు, దాన్ని పట్టుకునే నడిచాడు. జీపీఎల్ అట్లాంటి కాగితం. విండోస్ చెరువుకు ఆ కాగితం కూడా లేదు.

నడవడమంటే ఏమిటి? మన పిల్లలకు లీనక్స్ వాడటం నేర్పడం ఒక్కటే కాదు. అది కొందరు చేస్తున్నారు. బెంగళూరు బస్తీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వాళ్లు అంబేద్కర్ పేరుతో కంప్యూటర్ కేంద్రం పెట్టి పిల్లలకు నేర్పారు. కేరళ సర్కారు బడులన్నీ లీనక్స్ మీద నడుస్తాయి, దాని వెనుక టీచర్ల సంఘాల పోరాటముంది. మన తెలుగు నేల మీద స్వేచ్ఛ సంస్థ తెలుగులో లీనక్స్ తెచ్చింది. మంచిదే. కానీ వాడేవాళ్లు ఎంతమంది పెరిగినా తూము దగ్గర మనిషి లేకపోతే వంతు మారదు. సర్కారు బాస్ అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ చేయించింది. అది డెబియన్ అనే ఇంకో లీనక్స్ మీద కట్టినది. పైన మన భాషలు వచ్చాయి, లోపలి వంతులు ఎవరివో వాళ్లవే.

జీతమే తూము తిప్పుతున్నప్పుడు జీతాన్నే అడగాలి. జర్మనీ ప్రభుత్వం 2022లో సావరిన్ టెక్ ఫండ్ అని పెట్టి, అందరూ వాడే ఇట్లాంటి ప్రోగ్రాములను చూసుకునేవాళ్లకు ప్రజల డబ్బుతో జీతాలిస్తోంది. 2023లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ప్రాజెక్టుకు 10 లక్షల యూరోలు ఇచ్చింది. అందులో చూపు సరిగా లేనివాళ్లు కంప్యూటర్ వాడుకునే ఏర్పాట్లు బాగుచేయడం కూడా ఉంది. ఏ సర్వర్ కంపెనీ దానికి జీతమిస్తుంది?

మనకు 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం ఉంది. తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ డబ్బు రోడ్లకు, బిల్డింగులకు దారి మళ్లుతోందని ఏళ్లుగా మొత్తుకుంటున్నాం. అందులోంచి గురుకులాల్లో, యూనివర్సిటీ హాస్టళ్లలో చదివిన మన ఆడపిల్లలకు, మగపిల్లలకు, కెర్నెల్ మీద, పాత ఫోన్ల మీద, తెలుగు మాట పలికే, వినే ప్రోగ్రాముల మీద పనిచేయడానికి ఐదేళ్ల జీతం అడుగుదాం. స్టైపెండ్ కాదు, జీతం. రేపు కూడా నిలబడేవాడు కావాలన్నారు కదా, నిలబడే మనుషులను పంపుదాం. పల్లెలో పనిచేసే ఏ సర్కారు యాప్ అయినా ఏడెనిమిదేళ్ల పాత ఫోన్లో నడవాలనీ, దాని రాత తెరిచి ఉండాలనీ కూడా అడుగుదాం.

ఈ రెండు కోరికలతో తీర్మానం ముసాయిదా రాశాను. వచ్చే జిల్లా సమావేశానికి తెస్తున్నాను. శిక్షణ తరగతిలో మాట్లాడిన ఆ పిల్లవాడికి ముందే చదివి వినిపించాను. కొలివాస్ సంగతి తనకు తెలియదన్నాడు, కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత కాగితం తీసుకుని పది మందికైతే నెలకు ఎంతవుతుందో లెక్క మొదలుపెట్టాడు. ఆ లెక్క కూడా తెస్తాడు. మండలానికి ఇద్దరు చొప్పున రండి, పాత ఫోన్లు ఉన్నవాళ్లు వాటిని పట్టుకుని రండి. ఏ ఫోన్లో ఏ యాప్ ఆగిపోయిందో అక్కడే రాసుకుందాం.